నాలుకకు తగిలించని నీళ్లు

ఆ మధ్య రేవులో ఒక అమ్మాయి తన పడవ మీద బిగించిన సోలార్ పలకను నాకు చూపించి, "మీ కాలంలో కరెంటు లేని చోట బ్యాటరీలు ఎట్టా నింపేవాళ్లు అవ్వా?" అని అడిగింది. గాలితో నింపేవాళ్లం, వాననీళ్లతో బతికించేవాళ్లం అని చెప్పాను. ఆమెకు ఆ మాట నచ్చింది. కాగితం మీద రాసుకుంది కూడా. అక్కడితో ఆగిపోయి ఇంటికి వచ్చాను గానీ, చెప్పకుండా దాచిన సంగతి ఒకటి మనసులో మెదులుతూనే ఉంది. ఇట్లాంటి పనిలోకి దిగే పిల్లలకు అసలు తెలియాల్సింది అదే. రాసే ఓపిక దేవుడు ఇంకా ఉంచాడు కాబట్టి రాసిపెడుతున్నాను.

అరవైల మొదట్లో పులికాట్ సరస్సు దీవుల మధ్య ఒక ధర్మసంస్థ వారి వైద్యం పడవ తిరిగేది. ఇంజను లేని తెరచాప పడవ. గాలి ఉంటే చాప ఎత్తేవాళ్లు, లేకపోతే గెడకర్ర వేసి నెట్టేవాళ్లు. నడిమధ్యన చెక్కతో కట్టిన చిన్న గది, అందులో కాన్పుల బల్ల, బల్ల మీదికి ఒక దీపం. స్పిరిటు సీసాలూ దూదీ ఉండే గదిలో లాంతరు పనికిరాదని సంస్థ డాక్టరుగారు పట్టుబట్టడంతో, లారీలకు వాడే బ్యాటరీలు రెండు తెచ్చి ఆ బల్ల కింద పెట్టెలో అమర్చారు. పడవ వారాల తరబడి దీవుల్లోనే ఉండేది. అక్కడ కరెంటు ఊసే లేదు. అందుకని పడవ వెనక ఒక గుంజ నాటి, దాని మీద మూడు చెక్క రెక్కల గాలిమర, గాలిమరకు ఒక పాత లారీ డైనమో బిగించారు. రెక్కలు తిరిగినంతసేపూ బ్యాటరీలు నిండుతాయి. చాలనుకుంటే కింద ఉన్న తాడు లాగితే గాలిమర పక్కకు తిరిగి నిలిచిపోతుంది.

ఇదంతా కట్టింది మా నాయన. సూళ్లూరుపేటలో లారీ బ్యాటరీలు బాగుచేసే కొట్టు మాది. కట్టడం అయ్యాక గానీ చిక్కు తెలిసిరాలేదు. బ్యాటరీల పెట్టె ఉన్నది ఆడవాళ్లు పడుకునే గదిలో. కాన్పుల బల్ల కింద తల దూర్చి యాసిడ్ చూసే మగవాణ్ణి ఏ దీవిలోనూ రానివ్వలేదు. అప్పుడు సంస్థవారు మా నాయనను అడిగారు: "మీ అమ్మాయికి ఈ పని వచ్చంట గదా సాయిబూ?"

వచ్చు. నేను బడి ముఖం చూడలేదు. తెలుగు అక్షరాలు నాయన దిద్దించాడు, ఖురాను అమ్మ చదివించింది, యాసిడ్ పని పెరట్లోని రేకుల చావడిలో నాయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్ల ఆడపిల్లకు పడవ మీద ఉద్యోగమా అని మా మేనత్త నోరు నొక్కుకుంది. "నర్సమ్మ తోడుంటది, అల్లా తోడుంటాడు. ఇంకెవరు గావాల?" అన్నాడు నాయన. ఆ ఒక్క మాటకు ఇప్పటికీ ప్రతి నమాజులో ఆయన కోసం దువా చేస్తాను.

పడవలో కాన్పులు చేసే నర్సమ్మ యాభై దాటిన మనిషి. గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవురాలు. గొంతు విప్పితే ఒడ్డున ఉన్నవాళ్లు కూడా నిలబడేవాళ్లు. పడవ నడిపే సరంగు ఆ దీవులవాడే. నన్ను "బూబమ్మా" అనేవాడు, గాలిమరను "రెక్కల దెయ్యం" అనేవాడు. గెడ వేసే మనుషులు ఇద్దరు ముందు భాగంలో ఉండేవాళ్లు. ఇంతే మా లోకం.

బ్యాటరీకి కరెంటు ఎంత అవసరమో మంచినీళ్లు అంత అవసరం. యాసిడ్‌లోని నీరు ఆవిరై తగ్గిపోతూ ఉంటుంది, తగ్గినంతా మళ్లీ పోస్తూ ఉండాలి. అది ఏ మలినమూ లేని నీరు కావాలి. పట్నం నుంచి డిస్టిల్డ్ వాటర్ తెప్పించుకునే వసతి మాకు లేదు. అందుకని అక్టోబరు, నవంబరు వానల్లో ఆరుబయట నాలుగు కర్రలకు తెల్లటి గుడ్డ కట్టి, ఆకాశం నుంచి నేరుగా పడిన నీళ్లు ఊరగాయ జాడీల్లో పట్టి దాచేవాళ్లం. ఒక జాడీ పడవలో ఉండేది. అది ఒట్టిపోయే లోపు నాయన మరో డబ్బా పంపేవాడు. చుట్టూ ఉప్పునీరు, గాలిలో ఉప్పు. కాబట్టి నాయన పెట్టిన నియమం ఒకటుంది: పోసేముందు ఒక చుక్క నాలుక మీద వేసుకోవాలి. ఏ రుచీ తగలకపోతేనే పొయ్యాలి.

నేను జాడీలో వేలు ముంచినప్పుడల్లా సరంగు ఊరుకునేవాడు కాదు.

"పాయసం గాచినావా బూబమ్మా? రుచి జూస్తుండావు."

"నీకు గాదులే అన్నా, పెట్టెలో ఉండే బిడ్డలకి."

"ఆ బిడ్డలు కాస్త మా నర్సమ్మ గొంతు తగ్గించే మందు గూడా తాపిస్తే బాగుండు!"

"ఒరే, నాకినపడింది!" అని గదిలోంచి నర్సమ్మ కేక వేసేది.

ఆ ఏడు రంజాను మార్చి నెల ఎండల్లో వచ్చింది. రోజా ఉపవాసంలో ఉన్నప్పుడు నీటిచుక్క నాలుకకు తగిలించడానికి నాకు మనసొప్పలేదు. రుచి చూసి ఉమ్మేస్తే ఏమవుతుందో ఎవరినీ అడగలేదు. అడగాలని తోచను కూడా తోచలేదు. దానికి బదులు నాకు నేనే ఒక దారి పెట్టుకున్నాను. తెల్లవారుజామున సహరీ భోజనం ముగించే ముందు జాడీలోని నీళ్లు ఒకసారి రుచి చూసుకునేదాన్ని. పొద్దెక్కాక పోసేటప్పుడు మళ్లీ చూసేదాన్ని కాదు. ఇరవై రోజులు అట్లాగే సాగింది. నీరసం వల్ల ఇంకొక తప్పు కూడా చేశాను. రెండు రోజులకొకసారి చూడాల్సిన బ్యాటరీలను వారానికి జరిపాను. నీళ్లు బాగా దిగిపోయి లోపలి సీసం ప్లేట్లు బయటపడ్డాయి.

ఆ రోజు తెల్లవారుజామున జాడీలో నీళ్లు వేలెడు లోతు కూడా లేవు. రుచి చూశాను, బాగున్నాయి. నాయన డబ్బా ఒకటి రెండు రోజుల్లో వస్తుందని కబురు అప్పటికే అందింది. నమాజు చేసుకుని, కాసేపు కళ్లు మూసుకున్నాను.

పొద్దు పొడిచేసరికి ఒడ్డున గోల. మంచం మీద ఒక నిండు గర్భిణిని నలుగురు మోసుకొచ్చారు. పదిహేడేళ్లు ఉంటాయేమో. తొలికాన్పు, ముందు రోజు నుంచీ నొప్పులు. వెంట ఆమె అత్త, బక్కపలచటి ముసలామె, కోడలి చెయ్యి వదలకుండా నడుస్తోంది. నర్సమ్మ చూసి, అవతలి ఒడ్డుకు చేర్చి సూళ్లూరుపేట ఆసుపత్రికి పట్టుకుపోదాం అంది. నేను దీపం సరిచూసి, బ్యాటరీల్లో నీళ్లు పోద్దామని జాడీ మూత తీశాను.

జాడీ అంచుల దాకా నిండి ఉంది.

దీవులకు సరుకులు తెచ్చే కూరగాయల పడవ తెల్లారుతూనే వచ్చి వెళ్లి ఉంటుందని నాకు తెలుసు. నాయన పంపిన డబ్బా దాంట్లో వచ్చి ఉంటుంది, నేను నిద్రలో ఉన్నానని ఎవరో జాడీలో పోసిపెట్టారు అనుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. అవసరానికి అందించిన దేవుడికి మనసులో కృతజ్ఞత చెప్పుకున్నాను. ఎవరు పోశారని ఒక్కరినైనా అడిగి ఉంటే ఇది రాసే పనే ఉండేది కాదు. అడగాల్సిన చోట కృతజ్ఞత చెప్పి సరిపెట్టుకున్నాను. రెండు బ్యాటరీల్లో కలిపి వారం పాటు ఎండిన ఆరు అరల్లోనూ నిండుగా నీళ్లు పోసి మూతలు బిగించాను.

పొద్దున గాలి లేదు. గెడ వేసుకుంటూ పడవ మెల్లగా కదిలింది. ఒడ్డు చేరేదాకా బిడ్డ ఆగలేదు. నడిసరస్సులో, మిట్టమధ్యాహ్నానికి కాస్త ముందు, ఆడపిల్ల పుట్టింది. కిటికీలకు ఉన్న గుడ్డ తెరలన్నీ దించి ఉండటంతో పట్టపగలే దీపం కింద కాన్పు జరిగింది. బిడ్డ గట్టిగానే ఏడ్చింది. ముసలామె నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

తర్వాత సముద్రపు గాలి లేచింది. చాప ఎత్తారు. దీపం అప్పటికే మసకబారింది. ఒడ్డు చేరేదాకా అది నిలవాలి కదా అని నేను బయటికి వెళ్లి గాలిమర తాడు వదిలాను. రెక్కలు గిర్రున తిరిగాయి. మామూలుగా బ్యాటరీలు నిండేటప్పుడు లేచే మండే గాలి బయటికి పోవడానికి గది కిటికీల తెరలు పైకి చుట్టి ఉంచాలి. చుట్టబోతే ముసలామె అడ్డం నిలబడింది.

"బాలింతకి గాలి దగలగూడదు తల్లే. సన్నిపాతం గొట్టుద్ది."

అది వాళ్ల ఆచారం, మా ఇళ్లలోనూ ఉన్నదే. కాసేపే కదా అని ఊరుకున్నాను. ఆమె తన పాత చీర చించి తెరల అంచులు కూడా కట్టేసింది.

పావుగంట గడిచిందో లేదో, బాలింత దగ్గడం మొదలుపెట్టింది. నర్సమ్మ ముక్కు ఎగబీల్చి, "బ్లీచింగ్ పౌడర్ డబ్బా ఎవరు తెరిచారే?" అంది. డబ్బా మూత వేసే ఉంది. నా కళ్లు మండాయి. ఆ వాసన నేను అంతకుముందెప్పుడూ చూడలేదు గానీ దాని గురించి విని ఉన్నాను. మా కొట్టుకు వచ్చిన ఒక లారీ డ్రైవరు దారిలో ఉప్పుటేరు నీళ్లు బ్యాటరీలో పోసిన సంగతి నాయన చెప్పేవాడు. బ్యాటరీలో ఉప్పు పడి కరెంటు ఎక్కితే లేచేది విషపు గాలి, ఊపిరితిత్తులు కాలిపోతాయి అని.

పెట్టె వైపే చూస్తూ నిలబడిపోయాను. ఆ క్షణం ఎంతసేపో ఇప్పటికీ తెలియదు. నా జాడీలో ఉప్పు ఎట్లా ఉంటుంది? నేను చూసిన నీళ్లు, నా చేత్తో పోసిన నీళ్లు. నర్సమ్మ దగ్గుతూ బిడ్డను ఎత్తుకుంది. బిడ్డ ఏడవడం మానేసింది.

అప్పుడు కదిలాను. పెట్టె దగ్గరికి కాదు, బయటికి పరుగెత్తాను. నిండుతున్న బ్యాటరీ తీగ లాగితే నిప్పురవ్వ లేస్తుంది, పెట్టె పేలుతుంది. ముందు గాలిమర ఆపాలి. నేను పారిపోతున్నాననుకుని నర్సమ్మ అరిచింది: "యాడికే పోతావు, ఇక్కడ మనిషి చచ్చిపోతుంటే!" తాడు లాగి గాలిమర ఆపి, తిరిగి వచ్చి ముసలామె కట్టిన చీర పేలికలు పళ్లతో కొరికి తెంపాను. ఆమె నా జుట్టు పట్టుకుంది.

"నా కోడల్ని సంపుతావంటే! గాలి తగిల్తే బతకదే!"

"పెద్దమ్మా, ఈ లోపల గాలే సంపేస్తాది!"

నేనూ నర్సమ్మా బాలింతను చాపతో సహా గడప దాటించి ముందు భాగంలోకి ఈడ్చుకొచ్చాం. గెడ మనుషులు ముఖాలు తిప్పుకుని పక్కకు తొలిగారు. ఎండలో, గాలిలో, ఆకాశం కింద పదిహేడేళ్ల పిల్ల చేపలా నోరు తెరుస్తూ పడుకుంది. నర్సమ్మ బిడ్డను మోకాళ్ల మీద బోర్లా వేసి వీపు తట్టింది, ముఖం మీద ముఖం పెట్టి ఊదింది. ముసలామె నీళ్లలోకి చూస్తూ, నోటికొచ్చిన దేవుళ్లందరినీ పిలిచింది. నేను ఒక్క అల్లానే పిలిచాను.

బిడ్డ ఏడ్చింది. సన్నగా, గొంతు రాసుకుపోయినట్టు. అయినా ఏడ్చింది.

నేను లేచి వెళ్లి జాడీలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. రోజాలో ఉన్న సంగతి గుర్తుకు కూడా రాలేదు. నోరంతా ఉప్పు. ఒట్టి సరస్సు నీళ్లు.

చుక్కాని దగ్గర నిలబడ్డ సరంగు నన్నే చూస్తున్నాడు. ఆ ముఖంలో నెత్తురు లేదు.

"నేనే పోసినా బూబమ్మా," అన్నాడు. "నిండు మనిషి పడవెక్కతా ఉంటే ఒట్టి కుండ ఎదురు రాగూడదు. అన్నీ నింపినా. నీది గూడా నింపినా. మంచినీళ్లు తక్కువుండాయని సరస్సు నీళ్లు పోసినా."

"చెప్పొచ్చు గదన్నా!"

"నువ్వు నోట్లో ఏసుకోని జూస్తావు గదా. ఏ పొద్దూ జూడకుండా పొయ్యవు. ఉప్పని తెలిస్తే పారబోస్తావులే అనుకున్నా. ఎట్టా పోసినావమ్మా, జూడకుండా?"

నేను జాడీని నమ్మాను. ఆయన నా నాలుకను నమ్మాడు. ఇద్దరికీ మంచి ఉద్దేశమే. ఆ మంచి ఉద్దేశాల మధ్య ఒక తల్లీ బిడ్డా ఊపిరి పోయేంత పని జరిగింది.

ఒడ్డు చేరాక బండి కట్టి ఆసుపత్రికి తీసుకుపోయారు. తల్లి తొమ్మిది రోజులు అక్కడే ఉంది. ఇద్దరూ బతికారు. దేవుడి దయ అని రాయడానికి కూడా ఆ రోజుల్లో నాకు సిగ్గుగా ఉండేది.

ఇంటికి వెళ్లి నాయనకు అంతా చెప్పాను. అంతా విని ఆయన నెమ్మదిగా అన్నాడు: "రుచి జూసి ఉమ్మేస్తే రోజా పోతదని నీకెవరు జెప్పినారు? మీ అమ్మ ఇన్నేళ్లూ రోజాతోనే వంట జేస్తా నాలుక కొసన ఉప్పు జూసి ఉమ్మేస్తా ఉన్నింది. నీ కండ్ల ముందరే గదా."

నా కళ్ల ముందరే. ప్రతి సాయంత్రం. దేవుడు నా మీద పెట్టని బరువును నేనే నెత్తికెత్తుకుని, దాన్ని తీసుకెళ్లి ముక్కూమొహం తెలియని ఒక పిల్ల గుండెల మీద దించాను. కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు.

దానికంటే పెద్ద దెబ్బ ఇంకా ముందుంది. మళ్లీ పడవ ఎక్కిన రోజున నర్సమ్మ ఒక సంగతి చెప్పింది. దీవిలో నన్ను దేవతలా చెప్పుకుంటున్నారట, గదిలో చిక్కుకున్న ప్రాణాలను బయటికి లాగింది బూబమ్మే అని. ముసలామె మాత్రం తెర ఒక పక్క సరిగా కట్టలేదు, అందుకే కోడలికి గాలి సోకింది అని తనను తాను తిట్టుకుంటోందట. కోడలి తల్లి ఆసుపత్రిలో అందరి ముందూ ఆమెను నానా మాటలూ అని, బిడ్డనూ తల్లినీ ఇక ఆ ఇంటికి పంపనందట.

"నేను పోయి చెప్తాను," అన్నాను.

"ఏం చెప్తావు?" నర్సమ్మ గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించగా అదే మొదటిసారి వినడం. "పడవలో విషపు గాలి లేచిందని చెప్తావా? రేపటి నుంచి ఒక్క ఆడది ఈ గడప తొక్కదు. ఇళ్లల్లోనే చచ్చిపోతారు. బాగా ఆలోచించుకోవే. ఆ ముసలిదాని బాధ నాలుగు రోజులుంటుంది, పోతుంది."

ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. ఆ దీవుల్లో కాన్పుల్లో పోయిన ఆడవాళ్లను నాకంటే ఆమె ఎక్కువ చూసింది. పండగ నెలవంక కనిపించేదాకా ఆలోచించాను. పండగ మర్నాడు కూరగాయల పడవెక్కి ఆ దీవికి వెళ్లాను. అడగకుండానే సరంగు కూడా వచ్చాడు.

ముసలామె గుడిసె ముందు వల బాగుచేసుకుంటోంది. నన్ను చూసి ఎదురొచ్చింది. చాప వేసింది. "నీ పేరే పెడదామనుకున్యాం తల్లే పిల్లకి. వాళ్లు తీసకరానీ, రానియ్యకపోనీ, పేరు మాత్రం నీదే," అంది.

కూర్చోకుండానే అంతా చెప్పాను. నీళ్ల సంగతి, ఉప్పు సంగతి, నేను రుచి చూడని సంగతి. తెర సరిగా కట్టకపోవడం వల్ల జరిగింది కాదని, తప్పు నాదని. సరంగు తన వంతు తాను చెప్పాడు. ఆమె చేతిలో వల అల్లే సూది ఆగిపోయింది.

"నువ్వు పోసిన నీళ్లా?"

"నేనే, పెద్దమ్మా."

"నేను కట్టిన తెర వల్ల గాదా?"

"తెర కట్టినందువల్ల గాలి లోపలే నిలిచింది. విషం మాత్రం నాది."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఈ మాట నా వియ్యపురాలి కాడ జెప్తావా?" అంది. చెప్తానన్నాను. "పద," అని లేచి, గుడిసె తడిక మూసి, నా ముందు నడిచింది. ఆ సాయంత్రం అవతలి ఒడ్డున, ఒక వాకిట్లో, ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య నిలబడి ఆ కథంతా రెండోసారి చెప్పాను. కోడలి తల్లి నన్ను అన్న మాటలు ఇక్కడ రాయను. అన్నీ నాకు తగినవే. ముసలామె మధ్యలో ఒక్కసారి కూడా నన్ను వెనకేసుకు రాలేదు. బయల్దేరేటప్పుడు మాత్రం, "పిల్లకి పేరు ఇంకోటి జూసుకుంటాంలే," అంది.

నర్సమ్మ భయపడినట్టే ఆ దీవి నుంచి రెండు నెలల పాటు ఎవరూ పడవెక్కలేదు. సంస్థవారు పెట్టెను గదిలోంచి తీయించి పడవ వెనక, ఆరుబయట పెట్టించారు. పెట్టె బయటికి వచ్చాక దాన్ని ఏ మగవాడైనా చూసుకోవచ్చు. నా అవసరం తీరిపోయిందనుకున్నాను. సరంగు దాని మీద చెయ్యి వెయ్యనని భీష్మించాడు. "ఆ బిడ్డల సంగతి బూబమ్మకే తెలుసు," అన్నాడట పెద్దల దగ్గర. ఆ పడవ మీద ఇంకా పదకొండేళ్లు చేశాను. రెండు నెలల తర్వాత ఆ దీవి నుంచి మొట్టమొదట పడవెక్కిన గర్భిణిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది ఆ ముసలామే. గది తెరలన్నీ తానే పైకి చుట్టింది.

కోడలిని నేను వెళ్లి చెప్పిన నెలలోనే కాపురానికి పంపారు. బిడ్డకు మూడేళ్లొచ్చేదాకా చలికాలంలో ఛాతీలో పిల్లికూతలు వినిపించేవని నర్సమ్మ చెబుతూ ఉండేది.

ఆ పిల్లకు ఏడో ఎనిమిదో ఏడు వచ్చాక ఒకసారి రేవులో కనిపించింది. ఎండుచేపల బుట్టల మధ్య నుంచి ఒక కోడిని తరుముకుంటూ ఆ చివరి దాకా పరుగెత్తి, మళ్లీ ఈ చివరి దాకా పరుగెత్తుకొచ్చింది. ఆయాసం లేదు, దగ్గు లేదు. వాళ్లమ్మ పడవలో నుంచి కోప్పడుతూ పేరు పెట్టి పిలిచింది. అది నా పేరు కాదు. ఆ పేరుకు ఆ పిల్ల గుండెల నిండా గాలి పీల్చుకుని, "వస్తుండా!" అని రేవంతా వినబడేలా అరిచింది. నేను ఉన్నచోటే కూర్చుని, ఇన్నేళ్లూ సిగ్గుతో చెప్పలేకపోయిన కృతజ్ఞత దేవుడికి చెప్పుకున్నాను.